మొదటి పాళీ

జనవరి 31, శుక్రవారం

నాతో కౌంటర్లో పనిచేసే నీత అక్క, మా కళ్లద్దాల దుకాణం మూసే ముందు ఈ డైరీ నా చేతిలో పెట్టింది. "దినాం ఏమేం ఖర్చు వెట్టినవో రాయి. పగార్ ఏడికి పోతున్నదో నీకే సమజైతది" అంది. కళ్లద్దాల కంపెనీవాళ్లు ఊరికే పంచిన డైరీ. మొదటి పేజీలో పెద్ద కన్ను బొమ్మ ఉంది. రాస్తున్నంతసేపూ నన్నే చూస్తోంది, దొంగను చూసినట్టు.

తెలుగులోనే రాస్తాను. ఏడో తరగతి దాకా మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివినందుకు ఇన్నాళ్లకు ఒక లాభం కనిపించింది. అమ్మకు చదువు రాదు. నాన్న మరాఠీ బోర్డులు కూడబలుక్కుని చదువుతాడు, అంతే. పక్క ఖోలీ మేఘాకు తెలుగులో తిట్టడం బాగా వచ్చు గాని అక్షరాలు రావు. నాయనమ్మకు ఏ భాషలోనూ అక్షరం రాదు, అయినా పన్నెండు మంది చిట్టీ, ఇక్కడి మాటలో భిషీ, లెక్క నోటితో చెప్పేస్తుంది. కామాఠిపురాలో పదడుగుల ఖోలీలో నలుగురం ఉంటాం. నాకు సొంత గది లేదన్న బాధ ఇవాళ్టితో తీరింది. ఇదే నా గది, తెలుగు అక్షరాలే దానికి తాళం.

జీతం పదిహేను వేలు. ఇంటికి అమ్మ చేతిలో ఏడు, భిషీకి రెండు, బస్సుకీ ఫోనుకీ ఒకటిన్నర, బయట తిండికి ఒకటిన్నర. మిగిలేవి మూడు వేలు. ఆ మూడూ ప్రతి నెలా దాచేస్తాను. ఎంత తేలిక! ఇందుకు జనం ఎందుకు ఏడుస్తారో అర్థం కాదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

నా అంత సంతోషంగా ఈ గల్లీలో ఎవరూ లేరు.

ఇవాళ మా ఖోలీలో కొత్త భిషీ మొదలైంది. పన్నెండు మంది, మనిషికి నెలకు రెండు వేలు. ప్రతి నెలా మొదటి ఆదివారం స్టీలు గ్లాసులో చీటీలు వేసి కదిపి ఒకటి తీస్తారు. పేరు వచ్చినవాళ్లకు ఇరవై నాలుగు వేలు. మొదటి పాళీకి, అంటే మొదటి వంతుకు, మాత్రం చీటీ ఉండదు, అది భిషీ నడిపే మనిషిది. ఎవరైనా డబ్బు ఎగ్గొడితే ఆమె నెత్తిమీదే పడుతుంది కాబట్టి ఆ మర్యాద. ముప్పై ఏళ్లుగా ఆ మనిషి మా నాయనమ్మ మల్లమ్మ.

ఈసారి నాయనమ్మ డబ్బంతా లెక్కపెట్టి నా ఒళ్లో పెట్టింది. "నా పాళీ ఈ పోరికిస్తున్న. కండ్లు సూసే కోర్సు చేస్తదంట. జూన్ పదిహేను లోపట ఫీజు కట్టాలె. నేను ఆఖరిది తీస్కుంట."

ఎదురింటి నర్సమ్మ పెద్దమ్మ "అట్లయితే మరి నీ..." అని ఏదో అనబోయింది.

"చాయ్ సల్లారుతున్నది, తాగు" అంది నాయనమ్మ.

ఆమెకేం తొందర? ఖర్చు లేని మనిషి. పావు రొట్టె చాయ్‌లో ముంచుకు తింటే పూట గడిచిపోతుంది.

ఫీజు మొదటి కిస్తు ఇరవై వేలు. అది బ్యాంకులో వేస్తాను, ముట్టను. మిగిలిన నాలుగు వేలు శుభానికి. ఇప్పుడు నేను కౌంటర్లో ఫ్రేములు తుడిచే అమ్మాయిని. కోర్సు అయ్యాక లోపలి గదిలో కూర్చుని "ఇది స్పష్టంగా ఉందా, అది స్పష్టంగా ఉందా" అని అడిగే మేడమ్‌ని. జీతం ఇరవై అయిదుకు తగ్గదు.

ఫిబ్రవరి 4

అమ్మకు టేబుల్ ఫ్యాను 2,200. చాల్‌లో అన్ని ఖోలీలకూ పేడా మిఠాయిలు 800. నాకు చెప్పులు 1,000. నాలుగు వేలు నాలుగు వేలకే అయిపోయాయి. ఎంత పద్ధతిగా ఉన్నాను!

ఫిబ్రవరి 22, శనివారం

ఫోను కొన్నాను. 11,500.

తొందరపడి కొనలేదు. పాతదాని అద్దం పగిలి ఏడాదైంది, దాని మీద వేలు పెడితే గీరుకుంటోంది. కోర్సు పాఠాలు ఫోన్లోనే వస్తాయట. అంటే ఇది చదువు ఖర్చు కిందికే వస్తుంది. పైగా నెలకు మూడు వేలు దాచబోతున్నాను కదా, జూన్‌కు పన్నెండు వేలు అవుతాయి. పదకొండున్నర తీసి పన్నెండు పెడుతున్నాను. ఆ లెక్కన అయిదు వందలు లాభమే. ఈ ఒక్కసారే.

బ్యాంకులో 8,500.

మార్చి 2

భిషీకి రెండు వేలు కట్టాను. నా పాళీ వచ్చేసింది కదా, ఇంకా ఎందుకు కట్టాలో మనసుకు ఎక్కడం లేదు. కడుతుంటే ఎవరి బాకీనో తీరుస్తున్నట్టుంది.

మార్చి 16

మేఘా, నేను, ఆమె ఆఫీసు వాళ్లు అలీబాగ్ వెళ్లాం. 2,800. సముద్రం ఇక్కడా ఉంది గాని అక్కడిది వేరు. ఈ ఒక్కసారే.

మార్చి 31

ఈ నెల మూడు వేలు దాచలేదు. వచ్చే నెల ఆరు దాస్తాను.

ఏప్రిల్ 19

మేఘాకు నిశ్చితార్థం! పోయిన వారం వెనక్కి వెనక్కి నడుస్తూ నవ్వుతూ చెప్పింది, మెట్ల మీద పడబోయింది. నా డ్రెస్సు 2,400, మేఘాకు కానుక వెయ్యి. ప్రాణస్నేహితురాలికి పాత డ్రెస్సులో వెళ్తానా? ఈ ఒక్కసారే.

ఇవాళ విందులో మటన్ అదిరింది. నాయనమ్మ తన ముక్కలన్నీ నా ప్లేటులో వేసింది. చిన్నప్పటి నుంచీ అంతే, నేనంటే పిచ్చి ప్రేమ.

ఏప్రిల్ 30

వచ్చే నెల తొమ్మిది.

మే 13

కొరియర్ అబ్బాయి నా పేరు పెట్టి పిలుస్తున్నాడు. అతనికి మా అంతస్తు, మా తలుపు, నేను ఇంట్లో ఉండే వేళలు అన్నీ తెలుసు. జుట్టు క్లిప్పులు 149. ఫోను కవరు 199, ఇది అవసరం. ఇంకో కవరు 199, రంగు నచ్చలేదు కాబట్టి ఇదీ అవసరమే.

మే 31, శనివారం

బ్యాంకులో 1,140.

మూడుసార్లు చూశాను. యాప్ మూసి తెరిచి చూశాను. 1,140.

ఎవరో తీసి ఉండాలి. సోమవారం బ్యాంకుకు వెళ్లి అడుగుతాను.

అదే రోజు, తర్వాత

ఎవరూ తీయలేదు. డైరీ మొదటి నుంచి చదివాను. ఇంచుమించు ప్రతి రూపాయికీ నా అక్షరాలతోనే సాక్ష్యం ఉంది. పదిహేను రోజుల్లో ఇరవై వేలు కావాలి.

జూన్ 1, ఆదివారం

నాలాంటి సిగ్గులేనిది ఈ గల్లీలో ఉండదు. అయినా రాస్తాను.

చీటీ తీయకముందు నాయనమ్మను అడిగాను. "ఈ నెలది కూడా నాకియ్యవా నాయనమ్మా? ఫీజుకు తక్కువ పడ్డయి."

అందరి ముందూ అడిగితే కాదనదని నా ధీమా. ఆమె గ్లాసు కదపడం ఆపలేదు.

"ఎంత తక్కువ వడ్డయి?"

"పందొమ్మిది వేలు."

నర్సమ్మ పెద్దమ్మ ఫ్యాను వైపు చూసింది. అదీ నేను కొన్న ఫ్యానే.

"ఒక్క మనిషికి ఒక్క పాళీ" అంది నాయనమ్మ. "నా మనుమరాలికి ఒక కాయిదా, లోకానికి ఇంకో కాయిదానా?"

చీటీ సైదులుకు వచ్చింది. కింది ఖోలీలో పాలమూరు నుంచి వచ్చి మేస్త్రీ పని చేసే ముగ్గురిలో ఒకడు. పాపం అతను లేచి "నాది తీస్కో చెల్లె, నాకు మల్ల ఎప్పుడన్న ఇద్దువు" అన్నాడు. నాకు వెంటనే చెయ్యి చాపాలనిపించింది, అబద్ధం ఎందుకు.

నాయనమ్మ అతని మీదే విరుచుకుపడింది. "ఊర్ల ఇంటికి రేకులు ఏపిస్తానని కట్టుకుంటున్నవు. వానలు నెత్తి మీదికొచ్చినయి. నీ పాళీ నువ్వు తీస్కపో. మనుషులు మంచిగున్నరని భిషీ నడువదురా, కాయిదా మీద నడుస్తది."

నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నాయనమ్మతో ఇక మాట్లాడను.

జూన్ 3

మాట్లాడటం లేదు. ఆమె గమనించినట్టు కూడా లేదు. అందుకు ఇంకా కోపంగా ఉంది.

జూన్ 4, బుధవారం

అమ్మ బట్టలు ఆరేస్తూ తనే మొదలుపెట్టింది. "ముసలామె మీద మూతి ముడుస్తున్నవు గాని, ఆమె మొదటి పాళీ దేనికి వెట్టుకున్నదో ఎరికేనా నీకు?"

నాకు తెలియదు. అడగలేదు కూడా.

"పండ్ల సెట్టుకు, కట్టుడు పండ్లకు. జనవరిల నన్ను తోల్కొని ఫాక్‌లాండ్ రోడ్డు మీద డాక్టర్ తాన్కి పోయింది. పైనా కిందా కలిపి పద్దెనిమిది వేలన్నడు. ఏడాది సంది గట్టిది ఏదన్న తిన్నదా ఆమె? నీ కోర్సు ముచ్చట ఇని, 'నాకు పండ్లు లేకున్న నాలుక ఉన్నది, నడుస్తది' అన్నది. నీకు జెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నది."

నా చేతిలో క్లిప్పుల బుట్ట ఉంది. అందులోవి ఒక్కొక్కటీ అమ్మకు అందిస్తూ ఏడ్చాను. నేను పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో. ఎదురుగా కూర్చుని తినే మనిషి నోరు నాకు కనిపించలేదు. ఆమె పళ్లను నేను అలీబాగ్ తీసుకెళ్లాను, డ్రెస్సుగా కుట్టించాను, వాటికి రెండు కవర్లు కూడా కొన్నాను.

జూన్ 15

ఇవాళ పదిహేను.

జూన్ 17, మంగళవారం

దుకాణం ఖాళీగా ఉంది, వాన. నీత అక్కకు డైరీ మొత్తం చదివి వినిపించాను. వినమని అడిగింది నేనే. మొదట తల ఊపింది, తర్వాత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, రెండో ఫోను కవరు దగ్గరికి వచ్చేసరికి కౌంటర్ మీద తల పెట్టేసి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఫ్రేములు చూడడానికి వచ్చినాయన మాకేదో అయిందనుకుని వెళ్లిపోయాడు.

"తప్పు ఏడ జరిగిందో చెప్పనా?" అంది అక్క. వాళ్లది వర్లి, వాళ్ల చాల్లో కూడా భిషీ ఉంది. "మొదటి పాళీని నువ్వు కమాయి, నీ సంపాదన అనుకున్నవు. అది ఉదారు. అందరు ముందుగాల నీకు అప్పిచ్చిండ్రు, నువ్వు నెల నెల తీరుస్తున్నవు. ఆఖరి పాళీ ఉంటదే, గది బచత్, దాసుకున్న పైసలు. గందుకనే నీకు కట్టేటప్పుడు పానం గుంజింది."

పాతికేళ్లకు దగ్గర పడుతున్నాను, భిషీల మధ్యే పుట్టి పెరిగాను. ఈ చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కాదు, చెప్పే ఉంటారు. పేడాలు పంచుతూ వినలేదు.

ఇంకో మాట కూడా చెప్పింది. "మూడు వేలు మిగిలితే దాస్త అంటివి. మిగలది. ఎవ్వరికి మిగలది. పగార్ వచ్చిన రోజే తీసి పక్కకు వెట్టు, ఉన్నదాంట్ల బతుకు. మూడు కాదు, రెండే వెట్టు. నడిచేదే రాసుకో."

డిసెంబర్ పదిహేను లోపల కడితే జనవరి బ్యాచ్‌లో సీటు ఇస్తారట. ఫోను చేసి కనుక్కున్నాను.

జూన్ 30

కొత్త ఫోను మేఘాకు ఏడు వేలకు ఇచ్చేశాను. నాలుగు నెలల్లో నాలుగున్నర వేలు ఆవిరి. పాత ఫోను బీరువాలోంచి తీశాను, పగిలిన అద్దం మీద సెల్లో టేపు వేశాను. బాగానే మోగుతోంది. మోగడానికే కదా ఫోను.

జీతం వచ్చిన గంటలోపే రెండు వేలు బ్యాంకులో వేశాను. తర్వాతే అమ్మకు ఇచ్చాను. ఇదివరకు మూడు వేలు అని రాసుకున్నచోట ఇంకో వెయ్యి ఉంది కదా, దానికి "ఊరికే" అని పేరు పెట్టాను. భేల్, సినిమా, క్లిప్పులు, ఏదైనా సరే. అది అయిపోతే నెల అయిపోయినట్టే. బ్యాంకులో 10,140.

జూలై 12

"ఊరికే" అయిపోయింది. ఇంకా పందొమ్మిది రోజులు ఉన్నాయి. మేఘా భేల్ తినిపించింది, తన డబ్బుతో. పుదీనా చట్నీ ఎక్కువ వేయించుకున్నాను.

జూలై 31

12,140. కొరియర్ అబ్బాయి చాల్ కింద కనిపించి "ఊరెళ్లారా దీదీ?" అన్నాడు.

ఆగస్టు 17

అమ్మకు జ్వరం. డాక్టరు, మందులు 900. "ఊరికే" మొత్తం దానికే పోయింది. ఫీజు డబ్బు ముట్టలేదు గాని రెండుసార్లు యాప్ తెరిచాను. నీత అక్కకు చెబితే, ఆపదకు వేరే డబ్బా ఉండాలి, సరదా డబ్బుతో జ్వరం తగ్గించుకుంటే వచ్చే నెల రెండూ ఉండవు అంది. నిజమే.

నాయనమ్మతో ఎప్పుడో మాట్లాడేస్తున్నాను. ఏ రోజు మొదలైందో రాయడం మరిచిపోయాను.

సెప్టెంబర్ 30

బతుకమ్మ. చాల్ ముంగిట్లో ఒంటిగంట దాకా ఆడాం. అందరివీ కొత్త చీరలు, నాది అమ్మ పెళ్లినాటి ఆకుపచ్చది. నర్సమ్మ పెద్దమ్మ "ఎంత వెట్టి తీస్కున్నవే?" అని అడిగింది. ఇస్త్రీకి పదిహేను రూపాయలు అన్నాను. 16,140.

అక్టోబర్ 18

దుకాణంలో దీపావళికి రెండు వేలు ఇచ్చారు. ఆపద డబ్బా తెరిచాను, అంటే నాయనమ్మ పాత ఆముదం డబ్బా. అందులో వేశాను. నోట్లన్నీ ఆముదం వాసన. ఎవరికీ తీయాలనిపించదు, అదే మంచిది.

అక్టోబర్ 31

18,140.

నవంబర్ 9, ఆదివారం

మేఘా పెళ్లి. ఏడ్చాను, నాట్యం చేశాను, మళ్లీ ఏడ్చాను.

బంతిలో నాయనమ్మ పక్కన కూర్చున్నాను. మటన్ వడ్డించగానే అలవాటుగా ఆమె చెయ్యి తన ముక్కలను నా వైపు తోసింది. తను అన్నంలో పులుసు కలుపుకుని మెత్తగా పిసుకుతోంది. ఎదుటి వరసలో ఆమె ఈడు మనిషి బొమికను చప్పరించి పక్కన పెడుతుంటే, నాయనమ్మ ఒక్క క్షణం ఆ బొమికనే చూసింది. 

సరిగ్గా పద్దెనిమిది వేలు ఉన్నాయి. సీటు కావాలంటే వచ్చే ఏడాదైనా దొరుకుతుంది. డెబ్బై రెండేళ్ల మనిషిని ఇంకా ఆగమనడం తప్పు. రేపు తీసేస్తాను.

నవంబర్ 10, సోమవారం

తీశాను. పద్దెనిమిది వేలు కవర్లో పెట్టి నాయనమ్మ ఒళ్లో పెట్టాను, ఫిబ్రవరిలో ఆమె నా ఒళ్లో పెట్టినట్టే. "పండ్ల సెట్టు పెట్టించుకో నాయనమ్మా" అన్నాను. ఆమె కళ్లు తడుస్తాయనుకున్నాను. ఒప్పుకుంటాను, అలా తడుస్తాయని దారి పొడవునా ఊహించుకుంటూ వచ్చాను.

"ఏడియి ఇవి?"

"నావే. దాచుకున్నవి."

"దేనికి దాసినవు?"

"ఫీజుకు..."

కవరు వచ్చి నా ఛాతీకి తగిలింది.

"మల్ల తీసినవా? మొన్న ఫోనుకు తీస్తివి, ఇయ్యాల నాకు తీస్తివి. మంచి పనికి తీసినా తీసుడు తీసుడేనే పోరీ! రేపు మీ నాయినకు ఏదన్న అయితది, ఎల్లుండి ఇంకోలకు. తీసేటందుకు ఎప్పుడన్న ఒక మంచి కారణం దొరుకనే దొరుకుతది. ఇగ నువ్వు సదివేది ఎప్పుడు?"

"నీవి నేను తినేసిన నాయనమ్మా" అన్నాను. అయిదు నెలలుగా ఆ మాట గొంతులోనే ఉంది.

ఆమె నా ముక్కు తన చెంగుతో తుడిచింది, గట్టిగా, చిన్నపిల్లకు తుడిచినట్టు.

"నా పండ్లకు నా పాళీ ఉన్నది. జనవరి నాలుగు తారీకు. నువ్వు నెల నెల కట్టిన రెండు వేలు గూడ అండ్లనే ఉన్నయి, తెల్వదా? నీ బాకీ నువ్వు తీర్చుకుంటనే ఉన్నవు. ఒక్క నెల తప్పలే. తప్పితే నిన్ను గల్లీల నిలవెట్టి అడుగుదును."

ఆ మాటతో నా వీపు మీదినుంచి గోనెబస్తా దించినట్టయింది.

నవంబర్ 11

పద్దెనిమిది వేలు తిరిగి వేశాను. బ్యాంకు కౌంటర్లో నిన్నటి మనిషే ఉన్నాడు. "ఏమైంది?" అన్నాడు. మా నాయనమ్మ ఒప్పుకోలేదు అన్నాను.

నవంబర్ 30

20,140. మూడుసార్లు చూశాను.

డిసెంబర్ 12, శుక్రవారం

దాదర్ వెళ్లాం. నాయనమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. కోర్సు ఆఫీసులో కుర్చీలో కూర్చుని క్లర్కును మరాఠీలో నిలదీసింది, మధ్యలో మా పిల్ల మానేస్తే డబ్బు తిరిగిస్తారా, సార్లు రోజూ వస్తారా, రాకపోతే ఎవరు జవాబుదారీ అని. అతను పాపం లేచి నిలబడి జవాబులు చెప్పాడు. ఆమెను ఎవరో పెద్ద అధికారి అనుకున్నాడేమో.

ఫారం నింపాను. పేరు, చిరునామా, చదువు అన్నీ అయ్యాయి. అడుగున రెండు గళ్లున్నాయి. ఫీజు చెల్లించేవారి పేరు. విద్యార్థితో వారి సంబంధం.

"తండ్రి పేరు రాయండి, అందరూ అదే రాస్తారు" అన్నాడు క్లర్కు.

నాయనమ్మ నా భుజం మీదుగా ఫారంలోకి తొంగిచూసింది, చదవడం వచ్చినట్టే. "ఏం రాయాలె అండ్ల?"

"పైసలు కట్టేది ఎవరని అడుగుతుండు."

"సెప్పు మరి" అంది.

మొదటి గడిలో నా పేరే రాశాను, ప్రతీక్ష అని. రెండో గడిలో "నేనే" అని రాశాను.